కీటకాహార మొక్కను క్లబ్బు ప్రదర్శనకు తీసుకురండి

కీటకాహార మొక్కలు పెంచేవారిలో చాలామంది, మొక్క ఇంకా చిన్నదనో, ఒకటి రెండు ఆకులు ఎండాయనో మొక్కల క్లబ్బు ప్రదర్శనకు దూరంగా ఉండిపోతారు. అయితే గులాబీలు, క్రోటన్ల వరుసల నడుమ బోనులాంటి ఆకులతో పురుగులను పట్టే వీనస్ ఫ్లైట్రాప్ ఒక్కటి కనిపించినా పిల్లలు ముందుగా అక్కడికే చేరతారు కనుక, ఎండిన ఆకులు కత్తిరించి, కుండీ తుడిచి, ఉన్న మొక్కనే తీసుకురండి.

అసలు జాగ్రత్త ప్రయాణంలో అవసరం. నెపెంథిస్ మొక్కకు ఉండే, పురుగులను పట్టే కూజాల్లోని ద్రవం ఒలకకుండా మూతి దగ్గర కాస్త దూది పెట్టి, బల్లపై అమర్చాక తీసివేయండి. జిగురు బిందువులతో పురుగులను పట్టే డ్రోసెరా ఆకులకు కాగితం తగిలినా ఆ బిందువులు చెరిగిపోతాయి కాబట్టి, ఆ కుండీని ఎత్తైన డబ్బాలో కదలకుండా నిలబెట్టాలి. బోరు నీటిలోని లవణాలు ఈ మొక్కలకు హానికరం; వాననీరో డిస్టిల్డ్ వాటరో వెంట ఉంచుకోండి.

ఫ్లైట్రాప్‌లోని సున్నితమైన రోమాలను సుమారు 20 సెకన్లలో రెండుసార్లు తాకితే బోను మూసుకుంటుంది, కానీ ఒక్కో బోను కొన్నిసార్లు మాత్రమే అలా పనిచేస్తుంది. అందువల్ల మొక్కను పారదర్శకమైన పెట్టెలో ఉంచి, మూసుకునే తీరును మీరే ఒక్కసారి చూపించడం మేలు.

పేరు చీటీపై జాతి, సహజ నివాసం తప్పక రాయండి. డ్రోసెరా ఇండికా, డ్రోసెరా బర్మానీ తెలుగు నేలపైనా తడి ప్రదేశాల్లో సహజంగా పెరుగుతాయని చదివితే సందర్శకులు తప్పక ఆగుతారు. అడవి నుంచి పెకలించిన మొక్కను మాత్రం ప్రదర్శనకు పెట్టకండి. ముఖ్యంగా మేఘాలయకు చెందిన నెపెంథిస్ ఖాసియానా అయితే, అది నర్సరీలో పెంచినదేనని చీటీపై స్పష్టంగా తెలపండి.