నంబర్లకు సలహా మండలి కట్టడం – పాఠం 4: తటస్థంగా ఉండాల్సింది ఎవరు?

ఈసారి అజెండా, మినిట్స్ గురించి చెప్తానన్నాను. అవి తర్వాతి పాఠానికి పోయాయి. మూడో పాఠం చివర ఇచ్చిన పనికి మీరు పంపిన సమాధానాలు చదివాక అదే దారిలో ముందుకు వెళ్తే లాభం లేదనిపించింది.

ఇచ్చిన పని ఇదీ. 1995లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) స్థానంలో మీరున్నారనుకోండి. ఉత్తర అమెరికా టెలిఫోన్ నంబర్ల నిర్వహణను కనిపెట్టుకుని ఉండే సలహా మండలికి కుర్చీల జాబితా రాయాలి. మనుషుల పేర్లు వద్దు, ఏ కుర్చీ ఎవరి తరఫున అన్నది చాలు. వచ్చినవాటిలో చాలామటుకు ఒకే అచ్చులో ఉన్నాయి: అధ్యక్షుడు విశ్రాంత న్యాయమూర్తి, ఇద్దరు ప్రొఫెసర్లు, రిటైరైన ఒక పెద్దాఫీసరు, "ప్రజాజీవితంలో పేరున్న" ఒకరు. కింద ఒక గమనిక: "టెలికాం కంపెనీలతో సంబంధం ఉన్నవారెవరూ ఉండరాదు." మరి నంబర్లు పంచే పని ఎవరికిచ్చారయ్యా అంటే, "అనుభవం ఉన్న పెద్ద కంపెనీకి."

సరిగ్గా తిరగేసి రాశారు. నంబర్లు పంచే సంస్థ తటస్థంగా ఉండాలి. దాన్ని కనిపెట్టి ఉండే మండలిలో మాత్రం స్వార్థం ఉన్నవాళ్లే కూర్చోవాలి, కాకపోతే అన్ని రకాల స్వార్థాలూ ఉండాలి. నిర్వాహకుడికి తటస్థత, మండలికి సమతూకం. ఈ రెండూ వేర్వేరు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగతా చార్టరంతా (మండలి నియమావళి) దానంతటదే కుదురుతుంది.

"అనుభవం ఉన్న పెద్ద కంపెనీ" ఎందుకు కుదరదో ముందు చూద్దాం. 1947లో అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 86 ఏరియా కోడ్లతో (ప్రాంతానికో మూడంకెల కోడ్) ఈ నంబరింగ్ ప్లాన్ మొదలుపెట్టింది. ఫోన్ కంపెనీ దాదాపు ఒక్కటే కాబట్టి పంచేదీ వాడేదీ తనే అయినా గొడవ రాలేదు. 1984లో ఏటీ అండ్ టీని విడగొట్టారు. ఏడు ప్రాంతీయ కంపెనీలు వచ్చాయి, నంబర్ల పెత్తనం ఆ ఏడింటి ఉమ్మడి సొత్తయిన బెల్‌కోర్‌కు వెళ్లింది. ఏరియా కోడ్ తర్వాత వచ్చే మూడంకెల ప్రిఫిక్సులను ఆయా ప్రాంతంలో అందరికన్నా పెద్దదైన లోకల్ కంపెనీ పంచేది.

1990లలో పోటీ కంపెనీలు వచ్చాయి. కొత్తగా దుకాణం తెరిచే కంపెనీ ప్రిఫిక్సు కోసం దరఖాస్తు పెట్టాలి. ఏ ఊళ్లో కావాలి, ఎప్పటి నుంచి కావాలి అని అందులో రాయాలి. ఆ కాగితం చేరేది ఎవరి కస్టమర్లను లాక్కోబోతున్నారో ఆ కంపెనీ బల్ల మీదికే. అక్కడ కూర్చున్న ఉద్యోగి ఎంత నిజాయతీపరుడైనా, ఆ దరఖాస్తు వ్యాపార రహస్యం. ఆలస్యమైతే ఫైలు నిజంగానే ఆలస్యమైందో, కావాలని తొక్కిపెట్టారో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. అనుమానం అక్కణ్నుంచే మొదలైంది.

ఎఫ్‌సీసీ 1995 జులై ఉత్తర్వుతో రెండు పనులు కలిపి చేసింది. నిర్వాహకుడు ఏ టెలికాం వర్గానికీ చెందని సంస్థ కావాలంది. ఆ సంస్థను ఎంపిక చేయడానికి, తర్వాత దాని పనితీరు చూడటానికి నార్త్ అమెరికన్ నంబరింగ్ కౌన్సిల్ అనే సలహా మండలి ఉండాలంది. మరుసటి ఏడాది టెలికమ్యూనికేషన్స్ చట్టం, సెక్షన్ 251(ఇ)లో, నంబర్ల నిర్వహణ నిష్పాక్షిక సంస్థ చేతిలోనే ఉండాలని రాసేసింది. మండలి 1996 అక్టోబరులో తొలిసారి కూర్చుంది. 1997లో దాని సిఫార్సు మీద లాక్‌హీడ్ మార్టిన్‌కు ఆ పని దక్కింది. విమానాలు, రక్షణ సామగ్రి చేసే కంపెనీకి ఫోన్ నంబర్లతో ఏం పని అని కొందరు అడిగారు. ఫోన్ కంపెనీ కాకపోవడమే దాని అర్హత.

తటస్థత అని ఊరికే రాస్తే చాలదు, కొలిచేలా రాయాలి. అమెరికా నిబంధనల్లో మూడు గీతలున్నాయి. ఒకటి, నిర్వాహకుడు ఏ టెలికాం కంపెనీకీ అనుబంధ సంస్థ కాకూడదు. 10 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ఉంటే అనుబంధం కిందే లెక్క. రెండు, అప్పులోగానీ ఆదాయంలోగానీ సగానికి పైగా ఒకే టెలికాం కంపెనీతో ముడిపడి ఉండకూడదు. మూడు, నంబర్ల వ్యవహారంలో స్వార్థం ఉన్నవారి ఒత్తిడికి లోనుకాకూడదు. మూడోది కొలవలేం. మొదటి రెంటినీ చార్టర్డ్ అకౌంటెంట్ కూడా పట్టేస్తాడు.

ఈ గీతలు కాగితం మీదే ఉండిపోలేదు. 1998లో లాక్‌హీడ్ ఉపగ్రహ కంపెనీ కామ్‌శాట్‌ను కొనబోయింది. కామ్‌శాట్ టెలికాం కంపెనీ. పనిలో తేడా వచ్చి కాదు, యాజమాన్యం మారబోతున్నందుకే తటస్థత ప్రశ్నార్థకమైంది. చివరికి 1999లో లాక్‌హీడ్ నంబర్లు చూసే విభాగాన్నే విడదీసి ఇచ్చేయాల్సి వచ్చింది. అదే న్యూస్టార్. పెట్టుబడి పెట్టిన సంస్థకు టెలికాంలో వేరే వాటాలుండటంతో దాని నేరు వాటాను 10 శాతానికి లోపే ఉంచి, మిగతాది ట్రస్టు కింద పెట్టించారు. 2019 నుంచి ఈ పని సోమోస్ చూస్తోంది.

మీ జాబితాలో "మంచి పేరున్న సంస్థ" అని రాశారు చూడండి, అక్కడ శాతం వేయండి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయమన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం, అదే తటస్థుల మండలి. మనకు కమిటీ అనగానే మచ్చలేని పెద్దమనుషులు గుర్తొస్తారు. విచారణ కమిషన్‌కు అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ జరిగిపోయిన దాని మీద తీర్పు కావాలి. నంబరింగ్ మండలికి తీర్పుతో పని లేదు. ఏం చేస్తే ఎవరికి ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే తెలియాలి. అది ఆ దెబ్బ తినేవాడికే తెలుస్తుంది.

నంబర్ పూలింగ్‌ను చూడండి. ఒక ఏరియా కోడ్‌లో వాడుకోగల ప్రిఫిక్సులు 792. ఒక్కో ప్రిఫిక్సులో 10,000 నంబర్లు. మొత్తం 79 లక్షల 20 వేలు. చూడ్డానికి బోలెడు. కానీ లోకల్ కాల్ చార్జీ లెక్కగట్టే చిన్న చిన్న ప్రాంతాలుంటాయి, వాటిని రేట్ సెంటర్లంటారు. కొత్త కంపెనీ ప్రతి రేట్ సెంటర్‌లోనూ ఒక పూర్తి ప్రిఫిక్సు తీసుకోవాల్సి వచ్చేది. పది రేట్ సెంటర్లలో కలిపి రెండొందల మంది కస్టమర్లున్నా లక్ష నంబర్లు బిగుసుకుపోయేవి. జనం వాడకుండానే ఏరియా కోడ్లు అయిపోవడం మొదలైంది. దీనికి మందుగా 10,000కు బదులు వెయ్యేసి బ్లాకులుగా ఇద్దామన్నారు, అదే పూలింగ్. 2000 మార్చిలో ఎఫ్‌సీసీ దాన్ని దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది.

మీ న్యాయమూర్తిగారి మండలిలో ఇది చర్చకొస్తే ఏమవుతుంది? వెయ్యి కన్నా పదివేలు ఎక్కువ, కాబట్టి వెయ్యే మేలంటారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు స్వార్థపరులను కూర్చోబెట్టండి. పాత లోకల్ కంపెనీ, నా స్విచ్‌లన్నీ పదివేల లెక్కన కాల్‌ను పంపేలా కట్టినవి, మార్చే ఖర్చు ఎవరిదంటుంది. కొత్త కంపెనీ, నాకు వెయ్యి చాలు, రేపే మొదలుపెట్టండంటుంది. మొబైల్ కంపెనీ ఇంజినీరు అసలు చిక్కు బయటపెడతాడు: మా నెట్‌వర్కులో ఫోన్ నంబరే చందాదారుడి గుర్తింపు కూడా, ఆ రెంటినీ విడదీయకుండా పూలింగ్‌లోకి రాలేం. ఈ మాట ఏ ప్రొఫెసరూ చెప్పడు, చెప్పడానికి ఆయనకు అవసరం లేదు. నిజంగానే మొబైల్ కంపెనీలు పూలింగ్‌లోకి 2002 నవంబరులో గానీ రాలేదు. రాష్ట్ర నియంత్రణ సంస్థ, కొత్త ఏరియా కోడ్ తెస్తే తిట్లు తినేది మేమే, తొందరగా తేల్చండంటుంది. వినియోగదారుల తరఫు కుర్చీ, ఇంతకీ బిల్లులో ఎంత పెరుగుతుందని అడుగుతుంది. ఈ ఐదు మాటలూ ఒకే గదిలో, ఒకే మినిట్స్‌లో పడితేనే సిఫార్సుకు బరువొస్తుంది.

"కంపెనీలవాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెడితే కుమ్మక్కవరా సార్?" అని ఒకరు అడిగారు. అవుతారు. ఎవరు గదిలో లేరో వాళ్ల నెత్తిన భారం వేసే విషయంలో తప్పకుండా కుమ్మక్కవుతారు. అందుకే వినియోగదారులకు, చిన్న కంపెనీలకు, రాష్ట్రాలకు కుర్చీలు. అందుకే తలుపులు తెరిచి సమావేశం. అమెరికాలో 1972 నాటి ఫెడరల్ అడ్వైజరీ కమిటీ చట్టం అభిప్రాయాల్లో సమతూకం ఉండాలనీ, సమావేశాలు బహిరంగంగా జరగాలనీ అంటుంది. ముందస్తు ప్రకటన, సమావేశానికి ప్రభుత్వం నియమించిన అధికారి, రెండేళ్లకోసారి చార్టర్ పునరుద్ధరణ లాంటివన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. చదువుకోండి, వాటిలో అర్థం కాకపోవడానికేం లేదు.

సమతూకం కుదరాలంటే కంపెనీల్ని లెక్కపెట్టకండి, స్వార్థాల్ని లెక్కపెట్టండి. నేను కాగితం మీద రెండు గళ్లు గీస్తాను. ఎడమవైపు, నిర్ణయం అటైతే ఎవరి జేబుకు చిల్లు. కుడివైపు, ఇటైతే ఎవరి జేబుకు చిల్లు. రెండు గళ్లలోనూ కలిసే వచ్చే కంపెనీలు ఎన్నున్నా ఒకే వర్గం. ఒక కుర్చీ, మహా అయితే రెండు. ముగ్గురు లోకల్ దిగ్గజాలకు మూడు కుర్చీలిచ్చి "వైవిధ్యం" అని రాసినవాళ్లు ఇది మళ్లీ చేయండి. కుర్చీ వర్గానిదని చార్టర్‌లో రాయండి, మనిషిదని కాదు. లేకపోతే రేపు రెండు కంపెనీలు విలీనమైతే ఒకే ఇంటికి రెండు కుర్చీలు మిగులుతాయి.

ఇంకో కుర్చీ దాదాపు అందరూ మరిచారు. ఆ నంబరింగ్ ప్లాన్ అమెరికాది మాత్రమే కాదు. కెనడా, బెర్ముడా, జమైకా, ట్రినిడాడ్ సహా 20 దేశాలు ప్లస్ వన్ (+1) అనే ఒకే దేశ కోడ్ కింద ఉన్నాయి. ఒక్క దేశపు కమిషన్‌కు సలహా ఇచ్చే మండలే అయినా, ఏరియా కోడ్లు ఉమ్మడి ఆస్తి కాబట్టి కెనడా, కరీబియన్ దేశాల మాట వినే ఏర్పాటు ఉండాలి. మెక్సికో ఇందులో లేదు, జాబితాలోంచి తీసేయండి.

రెండో పొరపాటు చిన్నది. కొందరు "మండలి నంబర్లను కేటాయించును" అని రాశారు. కేటాయించదు. సిఫార్సు చేస్తుంది, నిర్ణయం ఎఫ్‌సీసీది. 2018లో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు మూడంకెల నంబరు వెతకమని అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసినప్పుడు కూడా, మండలి సిఫార్సులను పరిగణనలోకి తీసుకోమనే రాసింది. 2020లో 988ని ఖరారు చేసింది కమిషన్. మన దగ్గరా సలహా, నిర్ణయం వేర్వేరే. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్నది 2020లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫార్సు. టెలికాం శాఖ ఒప్పుకున్నాకే 2021 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. కాకపోతే మన దగ్గర నంబర్లు పంచేది కూడా టెలికాం శాఖే. ఆ శాఖ కిందే బీఎస్ఎన్ఎల్ ఉంది. పై మూడు గీతల పక్కన దీన్ని పెట్టి చూసుకోండి, నేనేమీ అనను.

ఓటింగ్ గురించి ఒక్క మాట. ఏకాభిప్రాయం అంటే అందరూ చేతులెత్తడం అనుకోవద్దు. గట్టిగా అడ్డుపడేవాళ్లు మిగలకపోతే చాలు. మిగిలితే వాళ్ల మాటను భిన్నాభిప్రాయంగా సిఫార్సుతో పాటే పైకి పంపాలి. నాకు తలలు లెక్కపెట్టడం అసలు నచ్చదు. తలలు లెక్కపెట్టే మండలిలో అందరూ కుర్చీల కోసమే కొట్టుకుంటారు.

ఇక అభ్యాసం. డాలస్ వైపు ఉంటున్నవాళ్లకు ఇది తేలిక. 1947లో 214తో మొదలైన ఆ ప్రాంతానికి 1996లో 972, 1999లో 469, 2021లో 945 వచ్చాయి. 972 తెచ్చినప్పుడు ప్రాంతాన్ని విడగొట్టారు, తర్వాత పాత కోడ్ల మీదే కొత్త కోడ్ కప్పారు. విడగొడితే సగం మంది నంబర్లు మారతాయి, దుకాణాల బోర్డులూ విజిటింగ్ కార్డులూ మార్చుకోవాలి. కప్పితే ఎవరి నంబరూ మారదు, కానీ పక్కింటికి చేసినా పదంకెలు కొట్టాలి. మీ ఊహా ప్రాంతంలో ఏరియా కోడ్ ఇంకో 36 నెలల్లో అయిపోతుందనుకోండి. తొమ్మిదికి మించకుండా కుర్చీలు వేయండి, ఒక్కో కుర్చీ పక్కన రెండు గళ్లూ నింపండి. ఒక పేజీ సిఫార్సు రాయండి. ఆ సిఫార్సును వ్యతిరేకించే కుర్చీ తరఫున ఒక పేజీ భిన్నాభిప్రాయం రాయండి. అది చదివి మీ సిఫార్సులో కనీసం ఒక వాక్యం మార్చుకోవాల్సి రావాలి. మార్చిన వాక్యం కింద గీత గీసి పంపండి. గీత లేనివి నేను చదవను.