మిలిటరీ డిస్పోజల్ లారీకి ఎక్స్‌ట్రా లైట్లు: వెలగకపోతే ఒక తంటా, వెలిగితే ఇంకో తంటా

వేలంలో పాడుకున్న పాత మిలిటరీ లారీకి, శక్తిమాన్‌కో స్టాలియన్‌కో, ఎవరైనా ముందు చేయించేది క్యాబిన్ మీద ఫోకస్ లైట్లు, వెనక రివర్స్ లైట్లు. బోర్‌వెల్ వాళ్లయినా, కలప తోలేవాళ్లయినా, షూటింగులకు అద్దెకిచ్చేవాళ్లయినా అంతే. మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, లైటు సరిగ్గా లేదనగానే కొత్త లైటు కొంటారు, బండి స్టార్ట్ కాలేదనగానే కొత్త బ్యాటరీ కొంటారు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ బయటికి వచ్చేసరికి జేబు ఖాళీ అయి ఉంటుంది.

ఇక్కడ రాసేది 24 వోల్టుల బండి గురించి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు, ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి ఉంటాయి. మైనస్ ఛాసిస్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి, కలిసి ఉన్నది ఛాసిస్ వైపు బ్యాటరీ; ప్లస్ సెల్ఫ్ మోటారుకి వెళ్లేది సెల్ఫ్ వైపు బ్యాటరీ. అయినా సరే రెండు చివరలకీ మీటర్ పెట్టి చూశాకే పనిలో దిగండి. చేతులు మారిన బండిలో ఎవరు ఏం మార్చారో చెప్పలేం.

లైటు వెలగదు, లేదా గుడ్డిగా వెలుగుతుంది

ఎర్త్, అంటే లైటు నుంచి ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి కరెంటు తిరిగెళ్లే దారి, చూడండి. చూశామంటారు, బోల్టు గట్టిగానే ఉందంటారు. బోల్టు గట్టిగా ఉండటం వేరు, ఎర్త్ ఉండటం వేరు. మిలిటరీ బండికి ఆకుపచ్చ రంగు పొర మీద పొర వేసి ఉంటుంది. మీ వాషర్ కూర్చున్నది ఆ రంగు మీద, ఇనుము మీద కాదు. లైటు వేసి ఉంచి, మీటర్ నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పిన్ను లైటు బాడీ మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మెరిసే ఇనుము కనబడేదాకా ఎమరీ పేపరుతో గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. చెక్క బాడీ కట్టించిన లారీ అయితే ఈ గీకుడు కూడా దండగ. లైటు నుంచి ఛాసిస్‌కి విడిగా ఎర్త్ వైరు లాగాల్సిందే.

ఎర్త్ బాగుండి కూడా వెనక ఫోకస్ గుడ్డిగా ఉందంటే, కరెంటు ఎక్కడ నుంచి తీశారో చూడండి. వెనక డిఫరెన్షియల్‌కి తెల్లరంగు వేసి, దాని మీద పడేలా ఛాసిస్ కింద చిన్న బల్బు పెట్టి ఉంటుంది. కాన్వాయ్‌లో వెనక వచ్చే డ్రైవరు హెడ్‌లైట్లు లేకుండా ఆ తెలుపు చూసుకుంటూ రావాలని ఆ ఏర్పాటు. అక్కడ వైరు రెడీగా ఉందని 70 వాట్ల ఫోకస్‌లు రెండు దానికే తగిలించేస్తారు. అది చిన్న బల్బు కోసం వేసిన సన్న వైరు. బండి ముందు భాగం నుంచి సొంత వైరు లాగి, దానికి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్చు) పెట్టుకోండి. రిలే మీద 24 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి.

బల్బులు, ఎల్‌ఈడీలు ఊరికే పోతున్నాయి

12 వోల్టులవి వేశారు. బండి నడుస్తుంటే 24 కాదు, 28 వోల్టుల దాకా వస్తుంది. డబ్బా మీద 10-30 వోల్టులని ఉన్న ఎల్‌ఈడీ కొనండి, లేదా 24 వోల్టుల బల్బు అడగండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, పొద్దున్నే సెల్ఫ్ తిరగట్లేదు

అసలు దొంగ ఇక్కడున్నాడు. లైట్లు ఏ ఇబ్బందీ పెట్టవు కాబట్టి ఎవరికీ వాటి మీద అనుమానం రాదు.

జరిగేది ఇది. 12 వోల్టుల ఎల్‌ఈడీ బార్ చవగ్గా దొరికింది. ఎలక్ట్రీషియన్ రెండు బ్యాటరీలు కలిసే చోట, మధ్య లింకు మీద ఒక వైరు బిగించి, ఎర్త్ ఛాసిస్‌కి ఇచ్చేశాడు. అక్కడ కచ్చితంగా 12 వోల్టులే వస్తాయి, లైటు చక్కగా వెలుగుతుంది. లారీల్లో టేప్‌రికార్డర్లకు ఏళ్ల తరబడి ఇలాగే ఇచ్చేవారు కాబట్టి అతనికి తప్పనిపించదు. టేప్‌రికార్డర్ లాగేది కొంచెం కాబట్టి అది ఇన్నాళ్లూ బయటపడలేదు. 120 వాట్ల బార్ అయితే 10 ఆంపియర్లు, అదీ ఛాసిస్ వైపు బ్యాటరీ ఒక్కదాని నుంచే. రెండో బ్యాటరీకి ఆ పనితో సంబంధమే లేదు.

ఛార్జింగ్ ఎక్కేటప్పుడు ఇంకా అన్యాయం. ఆల్టర్నేటర్‌కి రెండు బ్యాటరీలు విడివిడిగా కనబడవు. మొత్తం 28 అయిందా లేదా అన్నదే దాని లెక్క. ఒకటి 15.2 దగ్గర, ఇంకోటి 12.8 దగ్గర ఉన్నా కూడితే 28, అంతా బాగుందనుకుంటుంది. నిండా ఉన్న సెల్ఫ్ వైపు బ్యాటరీ మరుగుతూ నీళ్లు తాగుతుంది, ఖాళీ అయిన ఛాసిస్ వైపుది ఎప్పటికీ నిండదు.

ఇక బ్యాటరీ షాపులో నాటకం మొదలవుతుంది. ఛాసిస్ వైపుది చచ్చిందని కొత్తది వేస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది. ఈలోగా సెల్ఫ్ వైపుది పెట్టె నిండా యాసిడ్ వాసన కొడుతుంది, మూతలు తీస్తే ప్లేట్లు బయటపడి ఉంటాయి. ఆల్టర్నేటర్ ఓవర్‌ఛార్జ్ చేస్తోందంటారు, రెగ్యులేటర్ మారుస్తారు. ఆ రెగ్యులేటర్ ఏ పాపమూ ఎరగదు. కొందరు తెలివిగా బ్యాటరీలను అటుదిటు మారుస్తారు. అప్పుడు నిన్నటిదాకా బాగున్నది దిగిపోతుంది, దిగిపోయింది మరుగుతుంది. అలా జరిగితే రోగం బ్యాటరీలో లేదని, దాన్ని పెట్టిన చోటులో ఉందని తెలిసిపోవాలి. దాన్ని కూడా బ్యాటరీ కంపెనీ మీదకే తోసేవాళ్లున్నారు.

పట్టుకోవడం తేలికే. బండి ఆపి ఒక రాత్రి వదిలేసి, పొద్దున ఏ స్విచ్చూ వేయకుండా రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. నిండా ఉన్నది 12.6, 12.7 చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉంది. రెంటికీ 0.2 కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించండి. తర్వాత బండి స్టార్ట్ చేసి, కాస్త రేస్ ఇచ్చి మళ్లీ విడివిడిగా చూడండి. రెండూ 14కి అటూ ఇటూగా సమానంగా ఉండాలి. ఒకటి 15కి ఎక్కి ఇంకోటి 13 దగ్గరే ఉంటే దొంగ దొరికాడు. రెండు చివరలకే మీటర్ పెట్టి 28 చూసి వదిలేసేవాళ్లకి ఇది ఎన్నటికీ కనబడదు.

ఇప్పుడు మధ్య లింకు చూడండి. అక్కడ రెండు బ్యాటరీలను కలిపే లావు కేబుల్ తప్ప ఇంకో వైరు ఉండకూడదు. చాలాసార్లు టేపు చుట్టి, కేబుల్ పక్కనే పడుకోబెట్టి, కేబుల్ చివరి లగ్ (బ్యాటరీకి బిగించే లోహపు కొస) కింద దూర్చేసి ఉంటుంది. మీ ఎల్‌ఈడీ ఒక్కటి తీసి ఊరుకోకండి. పాత ఓనరు పెట్టించుకున్న ఫ్యాను, మొబైల్ ఛార్జరు కూడా అక్కడి నుంచే లాగుతుండొచ్చు. అన్నీ పీకేయండి.

12 వోల్టులు తప్పదంటే 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టండి. అది రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుంటుంది. 10 ఆంపియర్లు కావాలంటే 15ది కొనండి. చవక కన్వర్టర్ వేడెక్కి ఆగిపోతే లైటు మినుకుమినుకుమంటుంది, ఎఫ్ఎంలో గురగుర వస్తుంది. ఫోకస్ లైట్లకైతే దీని అవసరమే లేదు, పైన చెప్పిన 10-30 వోల్టులవి నేరుగా 24కే కలపండి.

ఒక్క హెచ్చరిక. మధ్య వైరుకి బదులు సెల్ఫ్ వైపు బ్యాటరీ రెండు టెర్మినళ్ల నుంచి తీసుకుంటే రెండు బ్యాటరీలూ బరువు పంచుకుంటాయి కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లైటు ఎర్త్ దాని ఇనుప బాడీతోనే ఉంటే, అది ఛాసిస్‌కి తగిలిన క్షణం ఛాసిస్ వైపు బ్యాటరీ మొత్తం షార్ట్. వైరు ఎర్రగా కాలుతుంది.

వైర్లన్నీ తీశాక రెండు బ్యాటరీలనూ విడదీసి 12 వోల్టుల ఛార్జర్‌తో దేనికది నిండా ఎక్కించండి. మార్చాల్సి వస్తే జత మార్చండి: ఒకే కంపెనీ, ఒకే ఆంపియర్ అవర్, ఒకేసారి కొన్నవి. పాతదాని పక్కన కొత్తది పెడితే ఇదే కథ మెల్లగా మళ్లీ మొదలవుతుంది.

రివర్స్ లైటు పగలంతా వెలుగుతూనే ఉంది

గేరుబాక్సుకి రివర్స్ స్విచ్చు లేదని డ్యాష్‌బోర్డు మీద మామూలు స్విచ్చు పెడతారు, డ్రైవరు ఆపడం మర్చిపోతాడు. గేరు రాడ్ రివర్స్‌లో పడినప్పుడు నొక్కుకునేలా చిన్న లిమిట్ స్విచ్చు బిగించండి. అది కుదరకపోతే కనీసం స్విచ్చు పక్కన ఎర్ర ఇండికేటర్ బల్బన్నా పెట్టండి.

మిగతావి

ఆపాక కూడా ఎల్‌ఈడీ సన్నగా మెరుస్తుంటే స్విచ్చు ఎర్త్ వైపు వేశారు, ప్లస్ వైపుకి మార్చండి. ఆల్టర్నేటర్ డయోడ్ పోయి రాత్రంతా కరెంటు కారడం, ఇగ్నిషన్ స్విచ్చు లోపల అరిగిపోవడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. వెనక ఎల్‌ఈడీలు వేశాక ఇండికేటర్ టకటకా కొట్టుకుంటుంటే, దాన్ని ఆపి ఆపి వెలిగించే పాత ఫ్లాషర్‌కి ఎల్‌ఈడీలు లాగే కరెంటు చాలట్లేదు. ఎల్‌ఈడీ ఫ్లాషర్ అడగండి, 24 వోల్టులదని గట్టిగా చెప్పి మరీ తీసుకోండి.