మాత్రలు ఎక్కువ పడ్డాయా? ముందు స్ట్రిప్ లెక్కపెట్టండి

అప్పుడు నాకు ఏడో నెల. డిప్రెషన్‌కి రోజూ రాత్రి సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకునేదాన్ని. ఓ రాత్రి నిద్రమత్తులో, వేసుకున్నానో లేదో గుర్తురాక మళ్లీ మళ్లీ వేసుకున్నాను. తెల్లవారుజామున చేతులు వణుకుతూ, చెమటలు పడుతూ మెలకువొచ్చింది. స్ట్రిప్‌లో ఐదు ఉండాల్సింది, రెండే ఉన్నాయి. అంటే మూడు ఎక్కువ.

అమ్మ ఉప్పునీళ్లు కలిపి తెచ్చింది, వాంతి చేయిద్దామని. ఆ పని మాత్రం చేయకండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. 'కాసేపు చూద్దాం' అని కూడా ఆగొద్దు. నేను మింగిన రకం కొంత నయం. అమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం డిప్రెషన్ మందులైతే కొద్ది గంటల్లోనే గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు. నెమ్మదిగా కరిగే వెన్లాఫాక్సిన్ అయితే మొదట ఏమీ తెలియకపోవచ్చు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఎడమ పక్కకి తిరిగి పడుకోండి.

ఖాళీ స్ట్రిప్‌లన్నీ వెంట తీసుకెళ్లండి. ఏ మాత్ర, ఎన్ని, ఎన్నింటికి, ఎన్నో నెల, నొప్పికో దగ్గుకో ఇంకేమైనా వాడారా, అన్నీ చెప్పండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు తోడైతే వణుకు, జ్వరం, కండరాల బిగువు ముదురుతాయి. కావాలనే మింగి ఉంటే అదీ దాచొద్దు. పక్కనున్నవాళ్లు తిట్టకండి, ఒంటరిగా వదలకండి.

బిడ్డ సంగతి. మందు మాయ దాటి బిడ్డకీ చేరుతుంది, నిజమే. కానీ తల్లికి బీపీ పడిపోయినా, ఫిట్స్ వచ్చినా బిడ్డకి ఆక్సిజన్ తగ్గుతుంది, అసలు భయం అదే. అందుకే డాక్టర్లు ముందు తల్లినే చూస్తారు. గర్భిణి అని అవసరమైన వైద్యం ఆపరు. నాకు ఈసీజీ తీశారు, పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు గంటలకొద్దీ విన్నారు. బాగానే ఉంది.

కాన్పు దగ్గర పిల్లల డాక్టర్‌కి ఈ మందు సంగతి ముందే చెప్పండి. కొందరు పిల్లలు మొదట్లో వణుకుతారు, చిరాగ్గా ఏడుస్తారు, పాలు సరిగా తాగరు. చాలామందిలో రెండు వారాల్లోపే సర్దుకుంటుంది. ఊపిరి ఎగబోసినా, పెదాలు నీలంగా మారినా క్షణం ఆగొద్దు.

ఇంత జరిగాక మందే మానేద్దామనిపించింది. డాక్టర్ వద్దన్నారు, ఒక్కసారిగా ఆపితే డిప్రెషన్ తిరగబెడుతుందని. ఇప్పుడు ఏడు గదుల మాత్రల డబ్బా వాడుతున్నా. ఆ రోజు గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.