గూఢచారి పక్కన నవ్వించే మనిషిని రాయడం ఎలా?

ముందు అతనికో ఉద్యోగం ఇవ్వండి, జోకుల సంగతి తర్వాత. తాళాలు తీసేవాడా, కంప్యూటర్ నిపుణుడా, కారు నడిపేవాడా? అతను తప్ప ఇంకెవరూ చేయలేని పని కథలో ఒక్కటైనా ఉండాలి. స్క్రిప్టు అయ్యాక అతని సీన్లన్నీ తీసేసి చదవండి. మిషన్ ఎక్కడా ఆగకపోతే మీరు రాసింది విడి కామెడీ ట్రాకే. మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

నవ్వు ఆ ఉద్యోగంలోంచే పుట్టాలి. జేమ్స్ బాండ్ సినిమాల్లో డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 దాకా 17 సార్లు క్యూగా, అంటే బాండ్‌కు గూఢచారి పరికరాలు తయారుచేసి ఇచ్చేవాడిగా, కనిపించాడు. తను ఇచ్చిన పరికరాలు చెక్కుచెదరకుండా తిరిగి రావాలని క్యూ పట్టుదల; బాండ్ చేతిలో పడ్డాక అవి మిగలవు. ఆ రుసరుసలే హాస్యం. పరికరం ఎలా పనిచేస్తుందో కూడా నవ్వుల మధ్యే మనకు తెలిసిపోతుంది. ఇలాంటి సీను రెండు నిమిషాలు దాటనివ్వకండి. అందులో చెప్పిన నియమం ఒకటైనా క్లైమాక్స్‌లో అక్కరకు రావాలి.

అతను భయస్తుడైతే ఆ భయం నిజంగా ఉండాలి. విలన్ ముందు వెకిలి వేషాలేస్తే ప్రేక్షకుడికీ విలన్ అంటే లెక్కుండదు, ఆపైన తుపాకీ పేలినా ఎవరూ ఉలిక్కిపడరు. చేతులు వణుకుతున్నా కత్తిరించాల్సిన వైరునే కత్తిరించాలి. బాంబు ఆఖరి పది సెకన్లలో మాత్రం జోకు వద్దు.

అన్నిటికంటే బాగా పండేది ఇయర్‌పీస్. హీరో గాలిగొట్టంలో ఊపిరి బిగబట్టి ఉన్నాడు, జాలీ కింద కాపలావాడి బూట్లు. చెవిలో మనవాడు: “సార్, కింద ఎవరూ లేరు. దిగిపోండి.” హీరో బదులు పలకలేడు, అందుకే నవ్వొస్తుంది. పైగా మాట్లాడేవాడి పెదవులు తెరమీద కనపడవు కాబట్టి, పేలని జోకును డబ్బింగ్‌లో మార్చేసుకోవచ్చు.

షూటింగ్‌లో ప్రతి కామెడీ సీనుకూ జోకు లేని టేక్ ఒకటి తీసిపెట్టుకోండి. ఎడిటింగ్‌లో పంచ్ తర్వాత హీరో ముఖం మీద 12 నుంచి 24 ఫ్రేములు, అంటే అర సెకను నుంచి సెకను, చాలు. అంతకు మించితే నవ్వమని బతిమాలినట్టుంటుంది. రీరికార్డింగ్‌లో ‘టొయ్‌య్’ లాంటి శబ్దాలు అసలొద్దు. ఉత్కంఠ సంగీతం ఆగకుండా సాగాలి.

రెండో భాగం తీస్తుంటే పాత జోకు ఒక్కటే ఉంచి, పని మార్చండి. మిషన్ ఇంపాజిబుల్‌లో 2006లో ఆఫీసు టెక్నీషియన్‌గా వచ్చిన బెంజీ, 2011కల్లా ఫీల్డ్ ఏజెంటయ్యాడు. కొత్త పని కొత్త తడబాట్లను తనే తెస్తుంది.