స్లైడ్ షో ఫొటోలు, మూడో పాఠం: ఒరిజినల్ ఎక్కడుంది?

కిందటి పాఠం చూసి ఫొటోలు దించుకున్నవాళ్లలో చాలామందిది ఒకటే గోడు: "ఫోన్‌లో బాగానే కనిపించింది, ప్రింట్ తీయిస్తే మసకగా వచ్చింది." ఈసారి ఆల్బమ్‌లు పంచుకోవడం చెప్దామనుకున్నాను. అది తర్వాత. ముందు ఈ మసక సంగతి తేల్చాలి.

బాణం గుర్తులతో ముందుకీ వెనక్కీ వెళ్లడం మీకు వచ్చేసింది. ఫుల్ స్క్రీన్‌కి ఎఫ్ 11, బయటికి రావాలంటే మళ్లీ అదే. సరే.

అసలు చిక్కు ఇది. వెబ్‌సైట్ గ్యాలరీలో ప్రతి ఫొటోకీ సాధారణంగా కనీసం మూడు కాపీలుంటాయి. వరసగా పేర్చిన చిట్టి బొమ్మలు థంబ్‌నెయిల్స్. స్లైడ్ షోలో తెర నిండా కనిపించేది మధ్య సైజు. ఎక్కించినవాళ్లు ఇచ్చిన ఫైలు ఒరిజినల్. పేజీ త్వరగా తెరుచుకోవాలని సైటే ఆ చిన్న కాపీలు తయారుచేసుకుంటుంది. మీరు రైట్ క్లిక్ చేసి 'సేవ్ ఇమేజ్' అన్నా, ఫోన్‌లో బొమ్మను నొక్కిపట్టి సేవ్ చేసినా, దిగేది ఆ క్షణాన తెర మీదున్న కాపీ మాత్రమే. తప్పు జరిగింది ఇక్కడే.

లెక్క చూడండి. ఫొటో అంతా పిక్సెల్స్ అనే చిన్న చుక్కలతో కూర్చినదే. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 4000 × 3000 పిక్సెల్స్. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. అంటే ఒరిజినల్ 13 అంగుళాల వెడల్పు దాకా నిక్కచ్చిగా వస్తుంది. 1024 పిక్సెల్స్ వెడల్పున్న మధ్య సైజు కాపీకి మూడున్నర అంగుళాలు కూడా రావు. దాన్నే సాగదీసి ఎ4 మీద ప్రింట్ చేస్తే కనురెప్పల వెంట్రుకలు కలిసిపోయి నల్లటి గీతలా పడతాయి. పోయిన వివరాన్ని సాగదీసి తిరిగి తేలేం.

స్క్రీన్‌షాట్ మాట ఎత్తకండి. 1920 × 1080 తెర మీద తీస్తే సుమారు 20 లక్షల పిక్సెల్స్. ఒరిజినల్‌లో కోటీ 20 లక్షలు. పైగా బాణం గుర్తులు కూడా ఫొటోలో పడతాయి.

కాబట్టి డౌన్‌లోడ్ బటన్‌నే వెతకండి. మౌస్ కదలకపోతే చాలా గ్యాలరీల్లో బటన్లు మాయమవుతాయి, కాస్త కదపండి. నేనైతే ముందు స్లైడ్ షో ఆపేస్తాను. లేకపోతే చెయ్యి బటన్ దాకా వెళ్లేలోపు బొమ్మ మారిపోయి పక్క ఫొటో దిగుతుంది. గూగుల్ ఫొటోస్‌లో కంప్యూటర్ మీద షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే చాలు, నాకు అదే ఇష్టం. ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్‌లో కింది బాణం నొక్కి అన్నిటికన్నా పెద్ద సైజు ఎంచుకోండి. ఉచితంగా వాడుకునే ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌లో బొమ్మ కింద ఒరిజినల్ ఫైలు లింకు, పక్కనే దాని పిక్సెల్స్ ఉంటాయి. బటన్ అసలు లేకపోతే యజమాని ఆపేసి ఉండొచ్చు. ఫొటో కావాలని వాళ్లనే అడగండి.

ఆల్బమ్ మొత్తం దించితే తరచూ జిప్ ఫైలు, అంటే అన్నీ కలిపి కట్టిన ఒకే మూట, వస్తుంది. ముందు దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేసి, అంటే మూట విప్పి, ఆ తర్వాతే ఫొటోలు తెరవండి.

అభ్యాసం: కామన్స్‌లో అక్షరాలున్న ఫొటో ఒకటి ఎంచుకోండి, ఏదైనా బోర్డుదో శాసనానిదో. థంబ్‌నెయిల్, స్క్రీన్‌షాట్, ఒరిజినల్ మూడూ సేవ్ చేయండి. ఒక్కోదాని పిక్సెల్స్ వెడల్పు రాసుకుని 300తో భాగించండి. తర్వాత మూడింటిలోనూ ఒకే అక్షరాన్ని ఒకే సైజుకి పెద్దది చేసి, పక్కపక్కనే పెట్టి చూడండి. ఏ కాపీలో ఒత్తులు విడివిడిగా చదవగలిగారో రాసి ఉంచండి; ఆల్బమ్‌ల పాఠంలో ఆ ఫైళ్లే వాడతాం.