సంక్రాంతికి ఊరెళ్తున్నారా? బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లు కోడికూర జోలికి వెళ్లేముందు

ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఎవరికైనా బరువు తగ్గే ఆపరేషన్ అయి ఉంటే, పండక్కి బ్యాగులు సర్దేముందు ఇది ఒకసారి చదవండి. మా ఆయనకి ఆ ఆపరేషన్లలో స్లీవ్ అనే రకం అయింది. మా పుట్టిల్లేమో భీమవరం దగ్గర, అంటే కనుమ రోజు అల్లుడికి నాటుకోడి పులుసూ గారెలూ కడుపునిండా పెట్టకపోతే ఊళ్లో పరువు పోతుందనుకునే జనం మధ్యకి వెళ్లి కూర్చోవాలి. ఆపరేషన్ తర్వాత చికెన్ పడట్లేదని చాలామంది అంటుంటారు. రోజూ వండి పెట్టి, పక్కన కూర్చుని చూసేదాన్ని కాబట్టి చెప్తున్నాను, చాలాసార్లు కారణం ముక్క ఎండిపోయి ఉండటం, లేదా తినేవాళ్లు తొందరపడటం, లేదా వడ్డించేవాళ్లు ఆగకపోవడం. మూడింటికీ ముందే జాగ్రత్త పడొచ్చు.

అసలు లోపల ఏం జరిగిందో వండేవాళ్లకి తెలియాలి. స్లీవ్ అంటే పొట్టలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, మిగిలేది అరటిపండు లాంటి సన్నని గొట్టం, మొదట్లో దాంట్లో పట్టేది 100, 150 మిల్లీలీటర్లు. బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకి చేసే ఇంకో రకం) అయితే ఇంకా చిన్నది, 30 మిల్లీలీటర్ల సంచిలాగా చేసి తిన్నగా చిన్నపేగుకి కలిపేస్తారు, ఆ కలిపిన చోట దారి సెంటీమీటరో సెంటీమీటరున్నరో ఉంటుంది, అంతే. మనం సరిగ్గా నమలకుండా మింగినా మామూలు పొట్ట దాన్ని చిలికి మెత్తగా చేసి కిందికి పంపేస్తుంది. బైపాస్ వాళ్లకి ఆ చిలికే భాగం తిండి దారిలోనే ఉండదు, స్లీవ్ వాళ్లకి దారి ఇరుకు. ఇక ఆ పని చేయాల్సింది నోరూ, మీ వంటగదీ.

పెరుగూ గుడ్డూ హాయిగా దిగిపోయి చికెన్ దగ్గరే ఎందుకు ఆగుతుందంటే, అది పీచు. వేడి ఎక్కేకొద్దీ కండ బిగుసుకుని లోపలున్న నీటిని బయటికి పిండేస్తుంది. బ్రెస్ట్ ముక్కలో కొవ్వూ తక్కువే, జిగురూ తక్కువే, కాస్త ఎక్కువ ఉడికిందంటే పొడిపొడిగా అయిపోతుంది, నమిలినా నోట్లో ఉండలాగా చుట్టుకుంటుంది. తొడ ముక్కలో కండల్ని పట్టి ఉంచే పొరలు ఎక్కువ, సన్నని సెగ మీద ఉడికితే అవి కరిగి జిగురై ముక్కని తడిగా ఉంచుతాయి. డైట్ చార్టులన్నీ బ్రెస్టే రాస్తాయి, నిజమే, కొవ్వు తక్కువ ప్రోటీన్ ఎక్కువ, కాదనను. కానీ మొదటి నెలల్లో ఛాతీలో ఇరుక్కునే బ్రెస్ట్ కంటే మెత్తగా దిగే తొడ ముక్కే నయమని నా అభిప్రాయం, తోలూ పైన కనిపించే కొవ్వూ తీసేస్తే దాంట్లో భయపడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు నాటుకోడి సంగతి. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకే కోతకి వచ్చేస్తుంది, అందుకే అంత లేత. నాటుకోడి నెలల తరబడి పెరట్లో తిరిగి, ఎగిరి, పోట్లాడి పెరిగినది, దాని పొరలు గట్టిపడిపోయి ఎన్ని విజిల్స్ వేయించినా కొంత పీచు మిగులుతూనే ఉంటుంది. ఇక పందెంలో ఓడిన పుంజు మాంసం ఎవరో ప్రేమగా పంపించారనుకోండి, అది ఇంట్లో మిగతావాళ్లకి వడ్డించండి. బాదంపప్పులు తిని కండ పట్టిన పుంజు అది, ఆపరేషన్ అయిన మనిషికి అంతకంటే కష్టమైన మాంసం ఇంకోటి ఉండదు. కందనకాయ కూడా అంతే, వద్దు. కార్జం మాత్రం బాగా ఉడికించి, పులుసులో మెదిపి కొంచెం పెట్టొచ్చు, మెత్తగా ఉంటుంది, ఐరనూ బి12 కూడా దొరుకుతాయి, ఈ ఆపరేషన్ల తర్వాత తగ్గిపోయేవి అవే కదా.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ సర్జన్, డైటీషియన్ చెప్పిన లెక్కే లెక్క, పక్కింటావిడకి చెప్పిన లెక్క మీకు పనికిరాదు. మామూలుగా మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడూ నాలుగు వారాల్లో మిక్సీ పట్టిన మెత్తటి తిండి, ఐదూ ఆరు వారాల్లో ముక్క కనిపించనంత సన్నగా తరిగిన మెత్తని తిండి, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి అంటారు. దీన్నిబట్టి డిసెంబరులో ఆపరేషన్ అయినవాళ్లు ఈ సంక్రాంతికి కోడికూర ఆశ వదులుకోండి. అక్టోబరులోనో సెప్టెంబరులోనో అయిందా, ఇంట్లో ఇప్పటికే నాలుగైదుసార్లు చికెన్ ఇబ్బంది లేకుండా దిగిందా, అయితే పండక్కి తినొచ్చు. ఆపరేషన్ తర్వాత మొట్టమొదటి చికెన్ ముక్క పుట్టింట్లోనో అత్తారింట్లోనో పదిమంది మధ్య తినే పని మాత్రం పెట్టుకోకండి, ఇంట్లో, బాత్రూమ్ దగ్గరగా ఉన్నచోట, సెలవు రోజు చూసుకుని తినండి.

వంట ఇలా. షాపులో లెగ్ బోన్‌లెస్ అని విడిగా అడిగి తీసుకోండి, పాతిక యాభై రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు. కత్తితో ఎముక మీద కొట్టినప్పుడు చిన్న చిన్న ముక్కలు చితికి కండలో ఉండిపోతాయి, బోన్‌లెస్ అన్నా సరే ఒక్కో ముక్కనీ వేళ్లతో తడిమి చూడండి, మామూలు పొట్టకే గుచ్చుకునేది కుట్లు పడిన పొట్టని ఏం చేస్తుందో ఆలోచించండి. కడక్కుండా మన చేతులు ఎలాగూ ఊరుకోవు, కనీసం కుళాయి ధార కింద కడగొద్దు, ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీదా కొత్తిమీర మీదా పడతాయి, గిన్నెలో నీళ్లు పోసి కడిగి సింకు శుభ్రం చేసేయండి. ఆపరేషన్ తర్వాత చాలామందికి నెలల తరబడి ఆసిడ్ తగ్గించే మాత్రలు ఇస్తారు, పొట్టలో ఆసిడ్ తగ్గితే తిండితో వెళ్లే క్రిముల్ని చంపేది తగ్గినట్టే, అందుకే శుభ్రం విషయంలో కాస్త చాదస్తంగానే ఉండాలి.

ముక్కలకి చిక్కటి పెరుగు రెండు చెంచాలు, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి కొంచెం పట్టించి ఓ గంటైనా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉల్లిపాయ పేస్టు చెంచాడు నూనెలో మగ్గించి, ముక్కలు వేసి, టమాటా గుజ్జు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్. కారం చిటికెడు, చింతపండు అసలే వద్దు, స్లీవ్ వాళ్లకి పుల్లగా ఎగదన్నడం మామూలే, దానికి మనం సాయం చేయక్కర్లేదు. మూత తీశాక రెండు వేళ్ల మధ్య ముక్క పెట్టి నొక్కండి. జారుతూ పోగులుపోగులుగా విడిపోతే అయిందని లెక్క, రబ్బరులా వెనక్కి నెడితే ఇంకో రెండు విజిల్స్ రానివ్వండి. ఆ తర్వాత పోగులకి అడ్డంగా, కందిగింజంత చేసి, చిక్కటి గ్రేవీలోనే వదిలేయాలి, గ్రేవీలోంచి తీసి విడిగా పెట్టారో పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఖీమా అయితే ఒక చిట్కా, పచ్చి ఖీమాని పొయ్యి ఎక్కించేముందే చల్లటి నీళ్లలో చేత్తో బాగా కలిపి, అప్పుడు మంట వెలిగించండి. వేడి నూనెలో తిన్నగా వేస్తే గోలీలు కట్టి గట్టిపడుతుంది, ఇలా చేస్తే సన్నగా మెత్తగా వస్తుంది.

వేపుడు, చికెన్ 65, తందూరీ, ఫ్రై పీస్ బిర్యానీ, వీటికి కనీసం కొన్ని నెలలు దండం పెట్టేయండి. నూనె ఒక ఇబ్బంది, ఎండిపోయిన ముక్క ఇంకో ఇబ్బంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఇరుక్కుని, ఆకలి మీద దారిలో ధాబాలో ఆగి గబగబా బిర్యానీ తినడం ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఊళ్లో కోడికూర కంటే ముందు దీనికి మందు చూసుకోండి. ప్రోటీన్ పౌడరు, షేకర్ సీసా, ఉడికించిన గుడ్లు, చెప్పులేసుకునే ముందే బ్యాగులో పడాలి.

తినే తీరు గురించి. మనది ముద్ద కలుపుకునే అలవాటు, కూరన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటే సగం నమలకుండానే జారిపోతుంది, చిన్నప్పటినుంచీ వచ్చింది అదే. దాన్ని మానుకోవడం ఆపరేషన్ కంటే కష్టం. పసిపిల్లలకి పెట్టే చెంచా తీసుకోండి, అంత ముక్క, ఇరవై ఇరవై ఐదుసార్లు నమలడం, చెంచా కింద పెట్టడం, ఆగడం. ముందు చికెన్, తర్వాత కూరగాయ, చోటు మిగిలితే అన్నం. తింటూ గుక్క నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట దాకా తాగొద్దు. గారె మాత్రం మొదటి ఏడాది వదిలేయడమే మంచిది, లోపలికెళ్లి పులుసు పీల్చుకుని ఉబ్బుతుంది. కనుమ నాడు మినుము తినాలంటారు కదా అని అమ్మ అడిగితే, మినపసున్ని బాగా పలచగా కాచి జావ రెండు చెంచాలు, బెల్లం లేకుండా, శాస్త్రం తీరిపోతుంది. కూర తిన్న వెంటనే అరిసెలూ బొబ్బట్లూ వద్దు. ముఖ్యంగా బైపాస్ వాళ్లకి తీపి వెళ్లిన పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం మొదలవుతాయి, డంపింగ్ అంటారు. కొందరికి గంటా రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఆపమని ఒళ్లే చెప్తుంది. మా ఆయనకి ఎక్కిళ్లు, కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి తుమ్ము. అది వచ్చాక ఇంకో చెంచా కూడా వద్దు, ప్లేటులో ఎంత మిగిలినా సరే. ఆ చెంచా తిన్నారంటే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు బిగుస్తుంది, నోట్లో నీళ్లూరి తెల్లటి నురగ వస్తుంది. అప్పుడు అందరూ చేసే మొదటి పని నీళ్లు ఇవ్వడం. ఇవ్వకండి. దారి మూసుకుని ఉంటే నీళ్లు ఆ ముక్క మీదే నిలబడి నురగతో సహా వెనక్కి వస్తాయి. లేచి నిలబడి, మెల్లగా నడుస్తూ, ఊరిన ఉమ్మి మింగకుండా బయట ఊసేస్తూ ఉంటే చాలాసార్లు కాసేపటికి దానంతటదే దిగిపోతుంది లేదా బయటికి వచ్చేస్తుంది. ఆ పూటకి తిండి అయిపోయినట్టే, తేరుకున్నాక ద్రవాలే.

కాస్త భయపెట్టే సంగతి కూడా చెప్పాలి. ఉమ్మి కూడా మింగలేని స్థితి గంటల తరబడి ఉన్నా, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, కడుపులోనో ఛాతీలోనో నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం, గుండె వేగం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఉన్నా సర్జన్‌కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి, మనిషి నిలబడలేకపోతే 108. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, దీనికి మాత్రం కదలాల్సిందే. ఇంకొకటుంది, చాలామందికి తెలియనిది, రోజుల తరబడి వాంతులు అవుతుంటే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది, అప్పుడు చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మనిషి మాట తికమకగా ఉండటం మొదలవుతాయి. అది నీరసం అనుకుని పడుకోబెట్టారంటే మెదడుకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. ఆస్పత్రిలో ఈ ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పండి, గ్లూకోజు సెలైను ఎక్కించే ముందే బి1 ఇవ్వాలన్న సంగతి వాళ్లకి గుర్తొస్తుంది.

ఇక మనుషులు. మా అమ్మకి ఎంత చెప్పినా “అదేంటి బాబూ, పిచ్చుక తిన్నంత కూడా తినలేదు, ఇదొక్క ముక్క” అంటుంది, ఆయనేమో అత్తగారి మాట కాదనలేక తల వంచుకుని తినేస్తారు. కాబట్టి ఈ మాట అల్లుడు చెప్పకూడదు, కూతురు చెప్పాలి, అదీ విస్తరి ముందు కాదు, వెళ్లేముందే ఫోన్లో చెప్పాలి. “అమ్మా, ఆయనకి వేరే గిన్నెలో నేనే వండుతాను, కొసరి కొసరి వడ్డించొద్దు, ఇరుక్కుంటే పండగ పూట ఆస్పత్రికి పరిగెత్తాలి” అంటే అమ్మ వింటుంది, ఆరోగ్యం అని చెప్తే వినదు గానీ ఆస్పత్రి అంటే వింటుంది. ఆపరేషన్ సంగతి చుట్టాలకి చెప్పడం ఇష్టం లేకపోతే గ్యాస్ట్రిక్ అని చెప్పేయండి, మన ఊళ్లలో గ్యాస్ట్రిక్ అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. పెరటి వెనకాల బావమరుదులు గ్లాసు చేతికిచ్చే సీను కూడా ఉంటుంది, ఈ ఆపరేషన్ల తర్వాత మందు తొందరగా ఎక్కుతుంది, ఖాళీ కడుపున మరీను.

మిగిలిన కూర ముక్కనుమ నాటికి మళ్లీ వేడిచేస్తారు చూడండి, నిన్న దిగిన ముక్కే ఇవాళ దిగదు, తిరిగి వేడెక్కినప్పుడు మిగిలిన తడి కూడా పోతుంది. రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అరగ్లాసు నీళ్లు పోసి మూతపెట్టి సన్నని సెగ మీద పొగలు కక్కేదాకా మరగనివ్వండి, లేకపోతే మిక్సీలో ఒక తిప్పు తిప్పండి.

ఇంత చేసినా పడకపోతే రెండు మూడు వారాలు చికెన్ మాటెత్తకండి, తర్వాత మళ్లీ ఖీమాతో మొదలుపెట్టొచ్చు. ప్రోటీన్ ఏమైపోతుందని టెన్షన్ వద్దు. రోజుకి కావాల్సింది చాలామందికి 60 నుంచి 80 గ్రాములు, ఉడికిన చికెన్ 30 గ్రాములు తింటే వచ్చేది ఎనిమిదో తొమ్మిదో గ్రాములు, ఒక గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, మిగతాది పౌడరూ పెరుగూ పనీరూ చూసుకుంటాయి. పైగా గోదావరి జిల్లాకి వెళ్లి కోడి దగ్గరే పంతం దేనికి? పండుగప్పో కొరమీనో తెప్పించి, ముల్లు ఏరి, పలచటి మసాలాలో ఉడికిస్తే చెంచాతో తాకగానే విడిపోతుంది, చికెన్ పడనివాళ్లలో చాలామందికి అది హాయిగా దిగుతుంది. చేపల మార్కెట్టుకి మాత్రం పొద్దున్నే మనిషిని పంపండి, పండగ పూట ఎనిమిది దాటితే మంచివి మిగలవు.