ఫ్యాక్టరీలో వైర్‌లెస్ సెన్సార్లు పెట్టే ముందు జాగ్రత్తలు

- డ్రాయింగ్‌లో దూరాలు చూసి సరిపెట్టుకోవద్దు, ప్లాంటంతా నడిచి చూడండి. ట్యాంకులు, పైపులు, ఇనుప మెట్లు చాలా సెన్సార్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్‌ను అడ్డుకుంటాయి, చెదరగొడతాయి. మిషన్లు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఇంకోసారి కొలవండి. క్రేన్ కదిలినా, ఖాళీ జాగాలో సరుకు పేర్చినా నిన్న అందిన సిగ్నల్ ఇవాళ అందకపోవచ్చు.

- మెష్ నెట్‌వర్క్ (ఒక సెన్సార్ రీడింగులను పక్క పరికరాలు అందుకుని ముందుకు పంపే ఏర్పాటు) అయితే ప్రతి సెన్సార్‌కూ కనీసం 3 పొరుగు పరికరాలు అందేలా చూడండి. ఒక్క దారే ఉంటే, అది తెగిన రోజు రీడింగులు ఆగిపోతాయి. ఇక్కడ మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు.

- గేట్‌వే (సెన్సార్ల రీడింగులన్నీ అందుకునే పరికరం) యాంటెన్నా ఎత్తులో, లోహానికి ఎడంగా ఉండాలి.

- అక్కడి వైఫై ఏ ఛానెళ్లలో నడుస్తోందో ముందే రాసుకోండి; సెన్సార్లూ అక్కడే నడిస్తే సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డొస్తాయి.

- సెకనుకో రీడింగ్ నిజంగా అవసరమా? పంపే కొద్దీ బ్యాటరీ తరుగుతుంది.

- మండే వాయువులున్న చోట ఆ జోన్‌కు సర్టిఫికెట్ ఉన్న పరికరాలే పెట్టాలి.